సమూయేలు పేరులో చిక్కుముడి

సమూయేలు, సామ్యూల్ అన్న పేర్లు మన ఊళ్లలోనూ తరచూ వింటుంటాం. ఈ హీబ్రూ పేరులో ఒక చిక్కుముడి ఉంది.

బైబిలు కథలో హన్నాకు పిల్లలు లేరు. షిలోహు మందిరంలో ఏడుస్తూ ప్రార్థించింది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం వినపడదు. యాజకుడు ఏలీ చూసి, తాగి వచ్చిందనుకున్నాడు! తర్వాత కొడుకు పుట్టాడు. దేవుణ్ణి అడిగి కన్నాను కాబట్టి సమూయేలు అని పేరు పెట్టింది.

చిక్కంతా ఇక్కడే. హీబ్రూలో ‘అడిగి పొందినవాడు’ అంటే షావూల్. అంటే మన బైబిల్లో సౌలు. ఇశ్రాయేలుకు మొదటి రాజు. అతణ్ణి అభిషేకించింది ఈ సమూయేలే! అందుకే, ఈ కథ మొదట సౌలు పుట్టుక గురించినదేమోనని కొందరు పండితుల అనుమానం. కాదు, కావాలనే ఆ ఇద్దరి పేర్లనూ ముడివేశారని మరికొందరి వాదన. నాకైతే రెండోదే సబబనిపిస్తుంది.

మరి సమూయేలు అంటే? ‘షేమ్’ అంటే పేరు. ‘ఏల్’ అంటే దేవుడు. రెండూ కలిస్తే దేవుని పేరు. పండితుల్లో ఎక్కువమంది చెప్పే అర్థం ఇదే: దేవుని పేరు. ‘దేవుడు విన్నాడు’ అనీ చాలామంది చెబుతారు గానీ, ఆ అర్థం అచ్చంగా అతికేది బైబిల్లోనే మరొకరైన హాగరు కొడుకు ఇష్మాయేలు పేరుకు.