కొండమేకల బండ మీద, మేడ మీద



భువనగిరి కొండను మీలో చాలామంది చూసే ఉంటారు. పద్నాలుగేళ్ళు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. ముందు ఎక్కేవాడు తాడు నడుముకు కట్టుకొని పోతాడు, తోటివాడు క్రింద ఆ తాడు పట్టుకొని ఉంటాడు. చీలిక కనబడినచోట ఒక లోహపు ముక్క బిగించి, తాడును దానికి తగిలిస్తారు. అదే ఆధారం. దానికి పది అడుగుల పైన జారితే ఇరవై అడుగులు పడతారు. నలభై అడుగుల పైన జారితే ఎనభై.

జోర్డాన్ దేశంలో వాదీ రమ్ అనే ఎడారి ఉంది. అక్కడి బెదూయీన్లు కొండమేకల వేటకు ఎక్కిన దారులను 1984 నుండి టోనీ హోవర్డ్ అనే ఇంగ్లాండు వాసి, అతని స్నేహితులు లోకానికి తెలియజేశారు. వాటిలో కొన్ని సులువే. చేతికి పట్టు, కాలికి మెట్టు దొరుకుతాయి. ఆధారం బిగించే చీలికలే దూరదూరంగా ఉంటాయి. పైగా ఇసుకరాయి, పట్టుకున్నది ఊడి చేతిలోకి రావచ్చు. నిట్టనిలువు గోడ మీద జారినవాడు తాడుకు గాలిలో వేలాడతాడు. సులువైన బండ మెట్లుమెట్లుగా ఉంటుంది గనుక జారినవాడు ఆ మెట్లకే కొట్టుకుంటాడు. "ఇక్కడ ఎందుకులే" అని దొరికిన చీలికనూ దాటిపోయేది అటువంటి చోటే.

దావీదును చూడండి. 1 సమూయేలు 24లో అతడు ఏన్గెదీ అరణ్యంలో కొండమేకలు తిరిగే బండల మధ్య ఉన్నాడు. మూడువేలమందితో సౌలు వెంటపడుతున్నాడు. అక్కడ పడలేదు! సౌలు వస్త్రపు చెంగు కోసినందుకే అతని మనస్సు నొచ్చుకుంది. అంతకుముందు కెయీలా దగ్గర వెళ్ళాలా వద్దా, ఉండాలా పారిపోవాలా అని దేవుని అడిగి అడిగి అడుగు వేశాడు. తరువాత రాజయ్యాడు. 2 సమూయేలు 11లో సాయంకాలం మేడ మీద నడుస్తున్నాడు. ఆ అధ్యాయంలో దావీదు మనుషులను విచారించాడు, మనుషులను పంపాడు, ఉత్తరం రాశాడు. దేవుణ్ణి అడిగినట్టు ఒక్క మాట లేదు. చదునైన మేడ మీద పడ్డాడు, ఊరియా ప్రాణం పోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. రేకుల షెడ్డులో ఇరవైమందితో ఆరాధించిన రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి మోకరించేవాణ్ణి. అద్దె కట్టే దారి లేదు, ప్రార్థించక ఏం చేస్తాను? మందిరం లేచింది, అప్పు తీరింది. నాలుగు ఆరైంది, ఆరు ఆదివారమైంది. ప్రసంగాలు మాత్రం ఆగలేదు, వేదాంత కళాశాల చదువు ఉంది కదా. ఎవరికీ తెలియలేదు, మా ఇంట్లో ఆమెకు తప్ప. ఒక రాత్రి సంఘంలోని ఒక తల్లి కొడుకు శవం ప్రక్కన కూర్చొని, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంది. మాటలు చక్కగానే వచ్చాయి. లోపల ఏమీ లేదు. నా చివరి ఆధారం ఎంత క్రింద ఉందో అప్పుడు చూశాను.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు మా బాటసింగారానికి మారినప్పటి నుండి తెల్లవారకముందే లారీల మోత. ఇప్పుడు ఆ మోతకే లేచి మోకరిస్తున్నాను. కొన్ని రోజులు నిద్ర తూగుతాను, దాచను.

ఈ వారం మీ ఇంట జబ్బు లేదు, అప్పులవాడు రాలేదు, పిల్లలు బాగున్నారు. అయితే ఈ కార్యక్రమం అయ్యాక రేడియో ఆపి, ఉన్నచోటనే మోకరించండి. నేనూ ఇక్కడ మోకరిస్తాను.