షాపువాళ్ళ అప్పుతో మనకేం పని?



పచారీ సామాన్లు అమ్మే పెద్ద కంపెనీలు బ్యాంకుల దగ్గర తీసుకునే దీర్ఘకాలపు అప్పుల గురించి మాట్లాడతానంటే మావారు నవ్వారు. "మెట్రిక్ చదువుకి నీకెందుకే ఆ గొడవ? కందిపప్పు ధర గురించి చెప్పు, వింటారు" అన్నారు. కందిపప్పు సంగతే చెబుతున్నానండీ, కాస్త చుట్టూ తిరిగి వస్తాను.

మా పక్కింటి అమ్మాయి ఒక పెద్ద షాపులో బిల్లులు వేసే ఉద్యోగం చేసేది. మొదట నూనె ప్యాకెట్లు తగ్గాయిట. తర్వాత కూల్‌డ్రింకుల సీసాలు రావడం మానేశాయి. పాత బాకీ ఇస్తేనే సరుకు దింపుతామన్నారట కంపెనీవాళ్ళు. పిల్లకి రెండు నెలల జీతం ఆగింది. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. నేనూ పండక్కని ఆ షాపు కూపన్లు కొని పెట్టుకున్నాను. అవి ఇప్పటికీ పోపులపెట్టె పక్కనే ఉన్నాయి. జనంతో కిటకిటలాడే షాపు ఎలా మూతపడింది? అదే నాకు అర్థం కాలేదు.

షాపు అప్పులు రెండు రకాలు. సరుకు కొనడానికి తీసుకునేది ఒకటి. బియ్యం బస్తా అమ్ముడుపోగానే తీరిపోతుంది, మనం పాలవాడి ఖాతా నెలాఖరుకి తీర్చినట్టు. రెండోది బీరువాలకీ, ఫ్రిజ్‌లకీ, గోడౌన్లకీ, భవనాలకీ తీసుకునేది. అది ఇంటి అప్పులాంటిది, ఏళ్ళ తరబడి వాయిదాల మీద తీరాలి. సరుకు డబ్బు తీసి కొత్త షాపుల అలంకారానికి పెడితేనే చిక్కు. పాలవాడి డబ్బుతో గాజులు కొంటే ఒకటో తారీఖున ఏమవుతుందో మనకి తెలీదూ!

పైగా పచారీలో లాభం బహు పలచన. నూరు రూపాయల అమ్మకం మీద ఖర్చులన్నీ పోను నాలుగైదు మిగిలితే గొప్పే. అందులోంచే వడ్డీ. ఇక కందిపప్పు కొన్న ధర కన్నా తగ్గించి అమ్మితే ఆ తగ్గింపు ఎవరు భరిస్తున్నట్టు? ఒక్కోసారి బ్యాంకు అప్పే భరిస్తుంది. మనం లాభపడ్డామనుకుంటూ సంచీ నింపుకుని వస్తాం.

1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష 2008 నాటికి సుమారు 1600 షాపులకి పెరిగింది. చేతిలో డబ్బు ఆడక 2009 మొదట్లోనే మూతపడింది. బిగ్ బజార్ మన హైదరాబాదుకి 2001లోనే వచ్చింది. దాన్ని నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2020లో కోవిడ్ దెబ్బ తింది. 2021 డిసెంబరు 31 నాటికి బ్యాంకులకి కట్టవలసిన 3,494 కోట్ల పైచిలుకు కట్టలేకపోయింది. షాపుల్లో చాలా భాగం అద్దెవి. 2022లో అద్దె ఒప్పందాలు చేతులు మారగానే షాపులూ పోయాయి. 2024లో కంపెనీని అమ్మి బాకీలు పంచమని ట్రిబ్యునల్ ఆజ్ఞ వేసింది.

అప్పు చేయడమే పాపమని నేననను. డీమార్ట్ వాళ్ళు మొదట్నించీ చాలా షాపులకి సొంత స్థలాలే కొన్నారు. దానికి అప్పూ చేశారు. 2017లో షేర్లు అమ్మి 1,870 కోట్లు తెచ్చి, అందులో 1,080 కోట్లు అప్పులు తీర్చడానికే కేటాయించారు. చిరకాలం నిలిచే గోడకి చిరకాలపు అప్పు. ఇది మా అమ్మమ్మకి చెప్పినా ఒప్పుకునేది.

సరే, షాపు మునిగితే ఎవరికి ముందు? 2016 నాటి దివాలా చట్టం వరస ఏర్పరిచింది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకులూ, ఇరవైనాలుగు నెలల వరకు కార్మికుల బాకీలూ సమానంగా ముందు వరసలో నిలబడతాయి. మిగతా ఉద్యోగుల జీతాలు వాటి తర్వాత. సరుకు పోసిన చిన్న వ్యాపారీ, కూపన్లు కొన్న మనమూ ఎక్కడో వెనక. నేను ఇది చదివిన రోజున కూపన్లు తీసి లెక్కపెట్టాను. పదహారు వందలు!

పక్కింటి అమ్మాయి తన రెండు నెలల జీతానికి అర్జీ పెట్టుకుంది. "మీరూ పెట్టండి పిన్నిగారూ, పోయేదేముంది" అని నాకో ఫారం తెచ్చిచ్చింది. మావారి చేత నింపిస్తున్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.

సెలవు.