ప్రయాణం మొత్తానికి ఒకే టికెట్

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా లుఫ్తాన్సా, అక్కడి నుంచి చికాగోకు యునైటెడ్. ఇలా రెండు సంస్థల విమానాలు ఎక్కాల్సి వస్తే, రెండూ ఒకే టికెట్‌పై ఉండేలా చూసుకోండి. ఈ సంస్థలు 1997లో ఏర్పడిన స్టార్ అలయన్స్ కూటమిలో ఉన్నాయి. మన ఎయిర్ ఇండియా 2014లో అందులో చేరింది.

వెబ్‌సైట్‌లో మీకు కావలసిన విమానాలు కలిపి కనిపించకపోతే, సంస్థకు ఫోన్ చేయండి. తేదీలు, విమానాల నంబర్లు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. "మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ ఇవ్వండి" అని స్పష్టంగా అడగండి.

డబ్బు కట్టాక 13 అంకెల టికెట్ నంబరు వచ్చిందో లేదో చూడండి. మొదటి మూడంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి. ఎయిర్ ఇండియాకు 098, లుఫ్తాన్సాకు 220. పీఎన్ఆర్ అనే బుకింగ్ నంబరు వచ్చినంత మాత్రాన టికెట్ వచ్చినట్టు కాదు.

మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోతే, ఒకే టికెట్ ఉన్నవారిని మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొంటే, కూటమి ఒకటే అయినా ఆ భరోసా ఉండదు. మనవణ్ని చూడ్డానికి తొలిసారి విమానం ఎక్కే అమ్మానాన్నలకు ఆ ఒక్క టికెట్టే కొండంత అండ.