ముప్పై కిలోలు ఎక్కడిదాకా?

నేను పెర్త్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ ఫిట్టర్ చేసి, కొన్నేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి తర్వాత ఇక్కడికొచ్చాను. ఈ వారం లగేజీ గురించి మాట్లాడమన్నారు. మా సైట్లో సెలవు అడగడానికొచ్చే ప్రతివాడి టికెట్టూ నేను చూస్తాను. అందుకే చెప్తున్నా, కష్టపడి దాచుకున్న డబ్బు ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఎలా పోతుందో నాకు బాగా తెలుసు.

ఆస్ట్రేలియా నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు. విజయవాడ, వైజాగ్, తిరుపతి సంగతి సరేసరి. సింగపూర్‌లోనో, కౌలాలంపూర్‌లోనో, బ్యాంకాక్‌లోనో మారాలి. లేదంటే ఢిల్లీ, బెంగళూరు, చెన్నైలో దిగి డొమెస్టిక్ ఎక్కాలి. ఆ రెండు విమానాలూ వేరే వేరే కంపెనీలవి అయితే అసలు చిక్కు మొదలవుతుంది. ఏజెంటుని మనం "ఎన్ని కిలోలు?" అని అడుగుతాం. ముందు అడగాల్సింది "ఇది ఒక టికెట్టా, రెండు టికెట్లా?" అని.

ఒకే టికెట్ అయితే విమానాలు రెండు కంపెనీలవైనా లగేజీ లెక్క మామూలుగా మొదటి ఊరి నుంచి చివరి ఊరిదాకా ఒక్కటే. విమాన కంపెనీలు తమలో తాము చేసుకున్న ఒప్పందం అది. ప్రయాణంలో ముఖ్యమైన భాగం, అంటే ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి తీసుకెళ్ళే భాగం, ఏ కంపెనీదో సాధారణంగా ఆ కంపెనీ రూలే మొత్తానికి వర్తిస్తుంది. అమెరికా రాకపోకల టికెట్లకైతే అక్కడి ప్రభుత్వమే 2012 నుంచి గట్టి రూలు పెట్టింది. మొదట వర్తించిన లగేజీ రూలే చివరిదాకా నడవాలి, మధ్యలో మార్చకూడదు. క్వాంటాస్ సిడ్నీ నుంచి బెంగళూరుకి 2022 సెప్టెంబర్‌లో నేరు విమానం మొదలుపెట్టింది. దానికి ఇండిగోతో కోడ్‌షేర్ ఉంది. అలాంటిది ఒకే టికెట్‌గా కొంటే బెంగళూరు తర్వాత ఎక్కే చిన్న విమానానికి కూడా ఆ టికెట్ మీద రాసిందే లెక్క.

రెండు టికెట్లు అయితే ఎవరి రూలు వాళ్ళది. పెర్త్ నుంచి చెన్నైదాకా 30 కిలోలు రాసి ఉండొచ్చు. కానీ చెన్నై నుంచి విజయవాడకి విడిగా కొన్న టికెట్‌కి, మన దేశంలో మామూలుగా ఇచ్చేది 15 కిలోలే. మిగతా 15 కిలోలకి కౌంటర్ దగ్గర కట్టాలి. కిలోకి 600 రూపాయలు అనుకున్నా 9,000 రూపాయలు. ఏజెంటు దగ్గర ఆరు వేలు మిగిలిందని సంబరపడినవాడికి చివరికి మూడు వేలు నష్టం. స్కూట్, ఎయిర్‌ఏషియా, జెట్‌స్టార్ లాంటి చౌక విమానాల్లో అయితే అన్నిటికన్నా తక్కువ ధర టికెట్‌కి చెక్-ఇన్ లగేజీ అసలే ఉండదు, విడిగా కొనుక్కోవాలి. అది కూడా ముందే కొంటే తక్కువ, ఎయిర్‌పోర్టులో కొంటే ఎక్కువ.

ఒక టికెట్టో రెండో ఎలా తెలుస్తుంది? డబ్బు ఒక్కసారే కట్టాం కదా అని ఒక టికెట్ అనుకోకండి. ఈ-టికెట్ మీద 13 అంకెల నంబరు ఉంటుంది. అన్ని విమానాలకీ అదే నంబరు ఉంటే ఒక టికెట్టే. ఎక్కడైనా "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని కనిపిస్తే రెండు టికెట్లని అర్థం. అదే కాగితం మీద ప్రతి విమానం పక్కన లగేజీ రాసి ఉంటుంది. "30 కె" అంటే 30 కిలోలు. "1 పీసీ" అంటే ఒక్క బ్యాగు, దాని బరువు ఎంతో ఆ కంపెనీ రూలులో చూడాలి. ఒక విమానం పక్కన 30, ఇంకోదాని పక్కన 15 ఉంటే 15కే సర్దుకోవాలి. ఇంకోటి, మొత్తం ఎన్ని కిలోలున్నా ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే తీసుకోరు. లోడింగ్ చేసేవాళ్ళ నడుములు కూడా మన నడుముల్లాంటివే కదా.

రెండు టికెట్లలో కిలోలకన్నా పెద్ద సమస్య టైము. మొదటి కంపెనీ బ్యాగుని తన ఆఖరి ఊళ్ళో బెల్టు మీద వేసి వదిలేస్తుంది. మీరు ఇమిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ కొత్తగా చెక్-ఇన్ చెయ్యాలి. అది మూడో దేశంలో అయితే ఆ దేశంలోకి అడుగుపెట్టే అనుమతి మీ పాస్‌పోర్ట్‌కి ఉందో లేదో ముందే చూసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో కంపెనీకి సంబంధం లేదు. మళ్ళీ టికెట్ కొనుక్కోవాలి. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్ళది.

మా దగ్గర స్టీల్ ఫిక్సింగ్ చేసే గోదావరి జిల్లా తమ్ముడొకడు. వాళ్ళ నాన్న పోయాడని ఫోనొచ్చింది. ఆ కంగారులో దొరికింది దొరికినట్టు రెండు టికెట్లు కొన్నాడు. దహనానికి ఎటూ అందడు, పెద్దకర్మకైనా ఉందామని. అమ్మకని, చెల్లికని కొన్నవి ఎప్పుడో సర్ది పెట్టిన పెద్ద పెట్టె కూడా పట్టుకుపోయాడు. చెన్నైలో పెట్టె ఆలస్యంగా వచ్చింది. రెండో కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి మూసేశారు. రాత్రి రైలెక్కి ఇంటికి చేరేసరికి కార్యం అయిపోయింది, భోజనాలు జరుగుతున్నాయి. తిరిగొచ్చాక నాతో అన్నాడు, "అన్నా, ఆ పెట్టెలో ఏముందో అమ్మ ఇంకా తెరిచి కూడా చూళ్ళేదు" అని.

కాబట్టి చావు కబురొచ్చినప్పుడు 7 కిలోల చేతిసంచితో వెళ్ళండి. బెల్టు దగ్గర నిలబడే పని ఉండదు. ఎవరూ మీ చేతిలో ఏముందని చూడరు.

మామూలు సెలవుకైతే టికెట్ ధరకి అదనపు కిలోల ధర కలిపి, అప్పుడు రెండు రకాల టికెట్లనీ పోల్చండి. ఇంకో దారి కూడా ఉంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో దిగి బస్సో రైలో ఎక్కండి. రైల్లో స్లీపర్ క్లాసుకి 40 కిలోల దాకా ఉచితం.

కౌంటర్ దగ్గర బరువెక్కువైతే చాలామంది పెట్టె విప్పి సామాన్లు చేతిసంచిలోకి మారుస్తారు. మన పనివాళ్ళు ఇక్కడ జాగ్రత్త. డ్రిల్ మిషన్, స్పానర్లు లాంటి పనిముట్లు క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్‌లోనే వెయ్యాలి. విడి బ్యాటరీలూ, పవర్ బ్యాంకూ దానికి తలకిందులు, అవి చెక్-ఇన్‌లో వెయ్యకూడదు, చేతిలోనే ఉండాలి. 18 వోల్టుల 5 యాంప్-అవర్ బ్యాటరీ అంటే 90 వాట్-అవర్లు. 100 లోపు కాబట్టి పర్వాలేదు. దాటితే కంపెనీ అనుమతి కావాలి.

తిరిగొచ్చేటప్పుడు గుర్తుపెట్టుకోండి. ఆస్ట్రేలియాలో మొదట దిగిన ఊళ్ళోనే బ్యాగు తీసుకుని తనిఖీ చేయించుకోవాలి. సిడ్నీలో దిగి పెర్త్ వెళ్ళేవాళ్ళకి ఆ పని సిడ్నీలోనే. ఆవకాయ, పొడులు, స్వీట్లు ఏవున్నా కార్డులో "అవును" అని రాయండి. చెప్పకుండా దొరికితే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది. ఆ క్యూకి కూడా టైము వదలండి, విమానానికీ విమానానికీ మధ్య నాలుగు గంటలు పెట్టుకుంటే నయం.

బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే కంప్లయింటు రాయించి ఆ కాగితం తీసుకోండి. ఇండియా, ఆస్ట్రేలియా రెండూ మాంట్రియల్ ఒప్పందంలో ఉన్నాయి. దాని ప్రకారం బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్, సుమారు మూడు వేల ఆస్ట్రేలియా డాలర్లు. అది గరిష్ఠం మాత్రమే, నష్టం ఎంతో మీరు చూపించాలి, అందుకని బిల్లులు దాచండి. ఒకే ప్రయాణంగా కొన్న టికెట్ అయితే మొదటి కంపెనీనైనా, చివరి కంపెనీనైనా అడిగే హక్కుంది. విడి టికెట్లయితే "మా దగ్గర పోలేదు" అని ఒకరి మీద ఒకరు తోసేస్తారు.

చివరగా, డబ్బు కట్టకముందు ఏజెంటుకి వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పెట్టండి. ఒకే టికెట్టేనా? ప్రతి విమానానికీ ఎన్ని కిలోలు? బ్యాగు మళ్ళీ ఎక్కడ తీసుకోవాలి? మాట కాకుండా రాత పూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ రికార్డింగ్ ఊరికి బయలుదేరే వాళ్ళెవరైనా ఉంటే పంపించండి. ఉంటాను మరి.