పడవలు లారీలెక్కిన రాత్రి

(జాతీయ సేవా పథకం విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరదలలో గాలింపు, రక్షణ అనగానే మనకు సైన్యం, నౌకాదళం, 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం జ్ఞాపకానికి వస్తాయి. వాటి సేవను తక్కువ చేసేవారెవరూ లేరు. నేను ఈనాడు ముచ్చటించదలచినది పేరుగాని, దుస్తుల గుర్తుగాని లేని మరొక దళాన్ని గురించి. 2018 ఆగస్టు నడుమ కొద్ది దినాలపాటు అది కేరళలో రూపుదిద్దుకున్నది. పని ముగియగానే ఎవరి పల్లెకు వారు వెళ్ళిపోయారు.

ఆ సంవత్సరం జూన్ 1 నుండి ఆగస్టు 19 వరకు కేరళలో సాధారణంగా కురవవలసిన వర్షం సుమారు 1,650 మిల్లీమీటర్లు. కురిసినది 2,346 మిల్లీమీటర్లు. అందులో 414 మిల్లీమీటర్లు ఆగస్టు 15, 16, 17 తేదీలలోనే పడింది. జలాశయాలు అప్పటికే నిండి ఉన్నాయి. ఇడుక్కి జలాశయపు చెరుతోణి ఆనకట్ట తలుపులను 26 సంవత్సరాల తరువాత ఎత్తవలసి వచ్చింది. పంపా, పెరియార్, చాలక్కుడి, అచ్చన్‌కోవిల్ నదులు ఊళ్ళమీద పడ్డాయి. చెంగన్నూరు, ఆరన్ముళ, పాండనాడు, ఆలువా ప్రాంతాలలో మేడలున్నవారు మేడలమీదికి, లేనివారు పెంకుల కప్పులమీదికి చేరుకున్నారు. నాలుగు వందల మందికి పైగా మరణించారు. పునరావాస శిబిరాలలో తలదాచుకున్నవారు ఒక దశలో పద్నాలుగు లక్షలు.

అప్పుడు కొల్లం, తిరువనంతపురం తీరాలలోని జాలరి పల్లెలలో ఒక వింత దృశ్యం కనిపించింది. నీందకర, విళింజం, పూంతుర వంటి చోట్ల సముద్రపు పడవలను ఇసుకలోనుండి లేపి లారీలపై ఎక్కించారు. కొన్నిచోట్ల అధికారులు కబురంపారు, కొన్నిచోట్ల చర్చి గురువులు పిలుపునిచ్చారు, కొన్నిచోట్ల ఎవరూ పిలువనే లేదు. పడవతోపాటు ఇంజను, కిరోసిను డబ్బాలు, మోకులు, నలుగురైదుగురు మనుషులు. వానలో, చీకటిలో, ఎన్నడూ చూడని కొండవాలు ఊళ్ళ దిశగా లారీలు సాగాయి. రాష్ట్ర మత్స్యశాఖ లెక్కలో ఆ విధంగా కదలినవి 669 పడవలు, సుమారు 4,500 మంది జాలరులు. వారు రక్షించినవారు 65,000 మంది.

కడలిలో బ్రతికినవానికి వరదనీరు ఒక లెక్కా అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అట్లే అనుకున్నాను. సముద్రంలో అల వచ్చే వైపు కంటికి తెలుస్తుంది, అడుగున గోడలుండవు. ఇక్కడ బురదనీటి క్రింద ప్రహరీ గోడలు, ఇనుప గేట్లు, బావులు, తెగిన కరెంటు తీగలు ఉన్నాయి. ఇంజను పంకా గోడకు తగిలితే విరుగుతుంది, గుడ్డ చుట్టుకుంటే ఆగిపోతుంది. ఫైబరు పడవ గేటుమీదికి ఎక్కితే అడుగు చీలిపోతుంది. ప్రవాహం వేగంగా ఉన్న సందులలో ఇంజను ఆపివేసి, మోకులు కట్టి, కంఠం లోతు నీటిలో చేతులతో నెట్టుకుపోవలసి వచ్చింది. దారి వారికి తెలియదు. ఆ ఊరి యువకులు పడవ ముందు భాగాన కూర్చుండి, ఇక్కడ గోడ, ఇక్కడ మలుపు అని చెబుతూ వచ్చారు. తీరంవాని చేతి నేర్పు, ఊరివాని గురుతు కలిస్తేనే పడవ ఇల్లు చేరింది. మలప్పురం జిల్లాలో ఒక జాలరి నీటిలో వంగితే, స్త్రీలు అతని వీపుపై అడుగుపెట్టి పడవలోకి ఎక్కిన దృశ్యాన్ని దేశమంతా చూచింది. అది చూడవలసినదే. అయితే విరిగిన పంకాలను, చీలిన పడవలను కూడ ఎవరైనా చిత్రాలు తీసి చూపి ఉండవలసింది.

అనువాదకుడిని కనుక ఒక మాట చెప్పక ఉండలేను. మలయాళంలో జాలరులను ‘కడలింటె మక్కళ్’ అంటారు, అనగా కడలి బిడ్డలు. కడలి మనకూ ఉన్న మాటే. మనం వారిని గంగపుత్రులంటాము. ఇంత గౌరవంగా పేరు పెట్టుకున్న సమాజాలు వారిని ఊరి చివర, అలల అంచున ఉంచి, చేపల వాసన అని ముక్కు మూసుకోవడం రెండు భాషలవారికీ ఉన్న అలవాటే.

ఈ కథకు తొమ్మిది నెలల ముందటి భాగం ఒకటున్నది. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను వచ్చింది. హెచ్చరిక అందేసరికే ఎందరో జాలరులు నడిసముద్రంలో ఉన్నారు. పూంతుర, విళింజం పల్లెలలోను, పొరుగున కన్యాకుమారి తీరంలోను ఎన్నో కుటుంబాలకు మగదిక్కు తిరిగి రాలేదు. గాలింపు ఆలస్యమవుతున్నదని ఆగ్రహించి, జాలరులే పడవలు కట్టుకుని తమవారిని వెదకడానికి వెళ్ళారు. తమకు సమయానికి సాయం అందలేదన్న బాధ తీరకముందే, ఆ పల్లెలవారు ఇతరుల ఇండ్ల కప్పులవద్దకు పడవలు తీసుకుపోయారు.

ముఖ్యమంత్రి వారిని కేరళ సైన్యమని శ్లాఘించారు. పడవకు దినానికి 3,000 రూపాయలు, ఇంధనం, మరమ్మతు ఖర్చు ప్రకటించారు. సోదరులను కాపాడినందుకు కూలి వద్దన్నవారున్నారు. ఆ మాటను చాలమంది పొగిడారు. నా అభిప్రాయం కొంచెం వేరు. కూలి వద్దనవచ్చును, విరిగిన ఇంజను బాగుచేయించుకోవడం కూలి కాదు. పడవ పాడైన ఇంటిలో పొయ్యి వెలగదు. తరువాత ప్రభుత్వం తీరప్రాంత పోలీసు విభాగంలో జాలరి యువకులను వార్డెన్లుగా తీసుకున్నది. చప్పట్లకంటె నాకు ఇది నచ్చింది.

మన వైపు సంగతి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన పిదప అక్కడికి చేరిన స్వచ్ఛంద సేవకులకు మొదటి దినాలలో ఎక్కువగా మిగిలినది శవసంస్కారమే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేటి వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ నడిపే మనిషి ప్రాణాలకు తెగించి తీసుకువచ్చాడు. సాహసానికి మనకు కొరత లేదు. కొరత శిక్షణకే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపదా మిత్ర’ పేరుతో 2016లో 30 జిల్లాలలో 6,000 మందితో ప్రారంభించి, పిదప 350 జిల్లాలలో లక్షమందికి విస్తరించిన పథకం ఇందుకే. పన్నెండు దినాల శిక్షణ. ప్రథమ చికిత్స, ముడులు వేయడం, నీటిలో మునిగేవానికి తాను మునగకుండా చేయి అందించడం.

ఇందాక మీలో ఈత వచ్చినవారు చేతులెత్తండి అని అడిగాను. పదకొండు చేతులు లేచాయి. అందులో అమ్మాయిల చేతులు రెండు. ఈ పట్టణంలో ఈత నేర్చుకునే చోటు ఏదైనా ఉన్నదా అని సభ ముగియగానే అధ్యక్షులవారిని అడుగుతాను. మీరూ కాస్త ఆగండి.