జాడీ మీది గబ్బిలాలు

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జాడీ అనగానే మనకు ఆవకాయ గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది చైనావారి పాత పింగాణీ జాడీల సంగతి. రిటైరయ్యాక ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ చూశాను. అప్పటినుంచి ఆ బొమ్మల అర్థం వెతకడం నాకొక వ్యాపకమైంది.

అటువంటి పింగాణీకి పేరుపడ్డ ఊరు జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్. మింగ్ (1368–1644), చింగ్ (1644–1912) వంశాల చక్రవర్తులకు అక్కడ ప్రత్యేకంగా బట్టీలుండేవి. జాడీల మీద బొమ్మలు చాలామటుకు మన శ్లేషల వంటివి. చైనా భాషలో గబ్బిలం "ఫూ", శుభమూ "ఫూ"యే. మన ఇంట్లో గబ్బిలం దూరితే అపశకునమంటాం. వారు దాన్ని ఏరికోరి జాడీ మీద వేయించుకున్నారు. తలకిందులుగా వేస్తే "శుభం వచ్చేసింది" అని అర్థం.

ఇక మనబోటి ఉద్యోగుల బొమ్మలు చూడండి. జింక "లూ", సర్కారు జీతమూ "లూ"యే. చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలంలో (1736–1795) ఒకే జాడీ మీద వంద జింకలు వేసేవారు. 1905లో రద్దయ్యేదాకా అక్కడ కొలువుకు కఠినమైన పరీక్షలుండేవి. నీటిలోంచి ఎగిరే చేప ఆ పరీక్ష గట్టెక్కడానికి గుర్తు. గుర్రం మీద కోతి ఉంటే, వెంటనే పెద్ద పదవి రావాలని దీవెన.

ఆ కోతి దగ్గర నా మనసు చివుక్కుమంది. నాకు రావలసిన సూపరింటెండెంటు ప్రమోషన్ నా జూనియరుకు పోయింది. ఆ సీనియారిటీ లిస్టు నకలు రిటైరయ్యాక కూడా బీరువాలో దాచుకున్నాను. రోజూ భోజనాల దగ్గర మా ఆవిడకు ఆ కథే. పాపం, ఆమె విసుక్కోకుండా వింటూ వడ్డించేది. నాలుగేళ్ళ క్రితం ఆమె కాలం చేసింది.

కొన్ని జాడీల మీద ఐదు గబ్బిలాలుంటాయి. వారి ప్రాచీన గ్రంథం షూజింగ్‌లో చెప్పిన ఐదు భాగ్యాలకు అవి గుర్తు. దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన ప్రశాంతత, ధర్మం మీద ప్రీతి, నిండు వయసులో సహజమైన మరణం. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. పదవి అందులో లేదు! కొలువు కోసం అంతగా తపించిన దేశంలోనే లేదు.

మొన్న లైఫ్ సర్టిఫికెట్ కోసం కాగితాలు వెతుకుతుంటే ఆ నకలు కంటబడింది. చింపేశాను. ఆమె ఉండగానే చింపవలసింది.

మీలో ఎవరి బీరువాలోనైనా అటువంటి కాగితం ఉంటే, ఈ రాత్రి భోజనానికి ముందే చింపేయండి. పెన్షన్ బకాయిల కాగితాలు మాత్రం భద్రం, వాటితో మన సంఘానికి ఇంకా పనుంది!