“నా బుర్రకి ఎక్కదు” అనే మాట గురించి

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పంచసూత్రాల్లో అయిదోది, అంటే పుస్తకాల నిర్వహణ గురించి నన్ను మాట్లాడమన్నారు. క్రమం తప్పకుండా మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి కట్టడం, ఈ నాలుగూ మనం బాగానే చేసుకుంటున్నాం. అయిదోది వచ్చేసరికి ఏ ఊరెళ్లినా ఒకటే మాట. “అవన్నీ నా బుర్రకి ఎక్కవమ్మా, నువ్వే చూసుకో.” ఆ బుర్ర లోపల ఏం జరుగుతుందో ఈ మధ్య కొంత తెలుసుకున్నాను. ఆరోగ్య శిక్షణకి వచ్చిన డాక్టరమ్మ గారు చెప్తే విన్నది కొంత, ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి చదివి చెప్పింది కొంత. నేను పదో తరగతి వరకే చదివాను కాబట్టి నాకు అర్థమైన భాషలోనే చెప్తాను.

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. మెదడు కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకోవడానికి వాడుకునే వాటిలో అదొకటి. ఆ సంగతి బయటపెట్టింది స్వీడన్ దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ గారు, 1957 ప్రాంతంలో. ఇందులో మన దేశానికీ కొంత వాటా ఉందండి. మన వైద్యులు ఎప్పటినుంచో వాడే సర్పగంధ వేరులో రిసర్పిన్ అనే మందు ఉంటుంది. అది ఇస్తే కుందేళ్లు చెవులు వేలాడేసి, కదలకుండా పడి ఉన్నాయి. ఒంట్లోకి వెళ్లి డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే కాసేపటికే మళ్లీ లేచి తిరిగాయి. ఆయనకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎల్-డోపా ఈ రోజుకీ వణుకుడు జబ్బుకి, అంటే పార్కిన్సన్‌కి, ముఖ్యమైన మందు. మన చేల గట్ల మీద కనిపించే దూలగొండి గింజల్లో కూడా అది ఉంది. అలాగని ఎవరూ గింజలు నూరుకుని తాగకండి, డాక్టరు చెప్పకుండా అలాంటివి వాడటం ప్రమాదం.

ఫోన్లో వీడియోలు చూస్తే డోపమైన్‌ని సంతోషం ఇచ్చే రసాయనం అంటారు. అది సగం మాటే. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో బెరిడ్జ్, రాబిన్సన్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసి చూశారు. నాలుక మీద తీపి వేస్తే అవి మామూలు ఎలుకల్లాగే చప్పరించాయి. రుచి బాగానే తెలుస్తోంది. కానీ పక్కనే తిండి ఉన్నా వెళ్లి తినవు, నోట్లో పెట్టి బతికించాల్సి వచ్చింది. అంటే “బాగుంది” అనిపించడం వేరు, “కావాలి, లేచి తెచ్చుకుంటాను” అనిపించడం వేరు. డోపమైన్ పని ఎక్కువగా రెండోదాంట్లో.

కనెక్టికట్ యూనివర్సిటీలో సాలమోన్ గారి ఎలుకల ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. ఎలుకకి రెండు దారులు పెట్టారు. ఒక దారిలో కొంచెం తిండి, అడ్డం ఏమీ లేదు. రెండో దారిలో ఎక్కువ తిండి, కానీ మధ్యలో ఎక్కి దాటాల్సిన కంచె. మామూలు ఎలుక కంచె దాటి వెళ్తుంది. డోపమైన్ తగ్గించిన ఎలుక కొంచెం తిండితో సరిపెట్టుకుంటుంది. కంచె తీసేస్తే అదే ఎలుక మళ్లీ ఎక్కువ తిండి వైపే పోతుంది. మొదటి దారిలో తిండి బొత్తిగా లేకుండా చేస్తే కంచె కూడా ఎక్కుతుంది. చూడండి, ఆశ చావలేదు, కాళ్లు పడిపోలేదు. ఇంత కష్టానికి అంత ఫలితం తగునా అని తూచే తక్కెడ ఒక్కటే కష్టం వైపు వంగింది.

మనుషుల్లోనూ చూశారు. 2020లో అచ్చయిన ఒక పరిశోధనలో 18 నుంచి 43 ఏళ్ల వయసున్న 50 మంది ఆడా మగా పాల్గొన్నారు. బుర్రకి పని పెట్టే పరీక్షలు ఇచ్చి, కష్టమైనవి చేస్తే ఎక్కువ డబ్బు, తేలికవి చేస్తే తక్కువ అన్నారు. మెదడులో ఒక భాగంలో డోపమైన్ తక్కువ ఉన్నవాళ్లు పని కష్టం వైపు ఎక్కువ చూశారు. ఎక్కువ ఉన్నవాళ్లు వచ్చే డబ్బు వైపు చూశారు. అది పెంచే మందు ఇస్తే తక్కువ ఉన్నవాళ్లు కూడా కష్టమైన పనికి సిద్ధపడ్డారు. మందుతో వాళ్లకి కొత్తగా తెలివి పుట్టింది అని కాదు, తక్కెడ మొగ్గు మారింది.

ఇప్పుడు మన మీటింగుకి వద్దాం. పొద్దున్నించి మిరప కోతకి వెళ్లి, ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి ఏడున్నరకి వచ్చి కూర్చున్న మనిషి ముందు లెడ్జరు పెడతాం. నిలువు గళ్లు, అడ్డ గళ్లు, అసలు, వడ్డీ, నిల్వ. ఒక ప్రశ్న అడిగితే పక్కన ఎవరో కిసుక్కున నవ్వుతారు. కష్టం కళ్ల ముందే ఉంది. ఫలితమేది? “అంతా కరెక్టుగానే ఉంది, ఇక్కడ సంతకం పెట్టు” అంటాం. ఏ తక్కెడైనా ఎటు వంగుతుంది? అందుకని ఈ సంగతి తెలిశాక “ఎక్కదు” అనే మాటని తెలివి తక్కువతనం కింద నేను లెక్కపెట్టడం మానేశాను.

చూడకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. పక్క మండలంలో ఒక సంఘం వాళ్లు నెల నెలా కిస్తీ చేతికిచ్చి సంతకాలు పెట్టారు. కొత్త లోనుకి వెళ్తే పాత అప్పు అలాగే ఉందన్నారు. డబ్బు ఎక్కడ ఆగిందో తేలేసరికి రెండేళ్లు పట్టింది, ఈలోపు పది మందీ మైక్రో ఫైనాన్సు గడప ఎక్కారు. బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్క నెల ఎవరైనా చూసి ఉంటే అప్పుడే బయటపడేది.

ఇంకో మాట. ఒంట్లో డోపమైన్ తయారవ్వాలంటే ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. నీరసానికి కారణాలు చాలా ఉంటాయనుకోండి, కానీ మీటింగులో కునికిపాట్లు పడే చెల్లెలిని బద్ధకస్తురాలు అనే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి. ఏ పని మీదా మనసు పోవడం లేదని, వారాల తరబడి ముభావంగా ఉన్న మనిషికి సలహాలు చాలవు, వైద్యం కావాలి. టెలిమానస్ నంబరు 14416, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక నేర్చుకోవడం సంగతి. వీధిలో పుల్ల ఐసు బండి హారన్ మోగితే పిల్లలు ఏం చేస్తారు? ఐసు నోట్లో పడకముందే హారన్‌కే పరుగు. స్విట్జర్లాండ్‌లో షుల్ట్జ్ గారు కోతుల మెదడులో ఇదే చూశారు. మొదట పళ్లరసం చుక్క నోట్లో పడినప్పుడు డోపమైన్ కణాలు చురుకయ్యాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని అలవాటయ్యాక దీపానికే చురుకయ్యాయి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉన్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన సమయానికి కణాలు నీరుగారిపోయాయి. అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాని అవి కబురు చేస్తున్నాయన్నమాట. ఆ తేడా దగ్గరే మెదడు పాఠం దిద్దుకుంటుంది. 1997లో ఇంకో ఇద్దరితో కలిసి ఆయన ఈ సంగతి వివరంగా రాశారు.

దీన్ని పట్టుకుని మా సంఘంలో ఒక పద్ధతి పెట్టాం. పుస్తకం తెరవకముందే ఎవరి వడ్డీ వాళ్లు అంచనా చెప్పాలి. మా దగ్గర ఒక అక్క వేలిముద్రే, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. నూటికి రూపాయి వడ్డీకి 20,000 తీసుకుంది. మొదటి నెల “రెండొందలు” అంది, సరిపోయింది. 2,000 అసలు కట్టింది. రెండో నెల కూడా రెండొందలే అంది. పుస్తకంలో 180 ఉంది. “అదెందుకు తగ్గిందే?” అని తనే అడిగింది. అంతకుముందు ఏడాదిలో ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. అసలు 18,000కి దిగింది కాబట్టి అని చెప్తే ఒక్కసారికే పట్టేసింది. మరో 2,000 కట్టాక, మూడో నెల ధైర్యంగా 160 అంది. పుస్తకంలో 180 ఉంది! పైగడి అంకె పొరపాటున కిందికి దిగింది, బుక్ కీపర్ అక్కడే దిద్దింది. ఇరవై రూపాయలే. కానీ ఆ రాత్రి ఆవిడ ఇంటికి వెళ్లకుండా మిగతా వాళ్ల పాస్‌బుక్కులు కూడా అడిగి చూసింది.

తప్పు చెప్పిన మనిషిని చూసి నవ్వకూడదని అప్పుడే నిబంధన పెట్టుకున్నాం. ఆశతో నోరు తెరిచినప్పుడు నవ్వు ఎదురైతే మెదడు నేర్చుకునేది వడ్డీ లెక్క కాదు, ఇంకోసారి నోరు మూసుకోవడం. ఇది పుస్తకంలోది కాదు, నాకు తోచింది. ఉల్లాస్‌లో అక్షరాలు దిద్దుతున్న అత్తలకి చెప్పే వాలంటీరు పిల్లలు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఈ తేడా సంగతి మనకంటే ముందు ఆన్‌లైన్ రమ్మీ వాళ్లకి తెలుసు. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపు మనిషిని ఎలా కూర్చోబెడుతుందో చూశాం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించారు, అయినా ఎన్ని ఇళ్లలో పుస్తెలు తాకట్టుకి వెళ్లాయో ఇక్కడున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లోను డబ్బు ఖాతాలో పడిన వారంలో ఫోను ఎవరి చేతిలో ఉందో చూసుకోండి.

గ్రామ సంఘం లీడర్లకి నా మనవి. వచ్చే నెల మీటింగులో ముందు పది నిమిషాలు అంచనాలకి ఇవ్వండి, అందరూ అలసిపోయాక చివర్లో కాదు. ఒక్కొక్కరు తమ అప్పు ఒక్కటే చెప్తే చాలు, సంఘం మొత్తం లెక్క తర్వాత చూద్దాం. పాస్‌బుక్కులు లీడరు బీరువాలో కాకుండా సభ్యుల చేతుల్లో ఉండాలి. రెండు మూడు నెలలు చేశాక ఎలా జరిగిందో మండల సమాఖ్య ఈసీ మీటింగులో చెప్పండి, కుదరకపోతే ఎక్కడ కుదరలేదో కూడా చెప్పండి.